వీరాయమ్మ చింపిన దొప్ప

అనగనగా, మన తాతల తాతలు కూడా ఇంకా పుట్టని రోజుల్లో, గోదారి ఒడ్డున తాళ్ళగట్టు అనే చిన్న రాజ్యం ఉండేది. పేరుకు తగ్గట్టే ఎటు చూసినా తాటిచెట్లు. ఆ ఊళ్ళో ఇళ్ళ కప్పులు తాటాకువి, గొడుగులు తాటాకువి, పిల్లలు ఆడుకునే బొమ్మలు కూడా తాటాకువే.

ఆ రాజ్యాన్ని ఉదయశేఖరుడు అనే రాజు ఏలేవాడు. మంచివాడు, దయగలవాడు. ఒక్కటే లోటు. ఎవరికైనా కష్టం వచ్చిందని తెలిస్తే వెంటనే ఏదో ఒకటి చేసేయాలని ఆత్రపడేవాడు. ఏం చేస్తే బాగుంటుందని ఆ కష్టపడ్డవాళ్ళను మాత్రం అడిగేవాడు కాదు.

పడవల రేవు పక్కన రాజుగారి కల్లుపాక ఒకటి ఉండేది. చెట్లు రాజుగారివి, పాక రాజుగారిది, పాకలో పనిచేసేవారికి జీతం రాజుగారిది. అక్కడ కల్లు పోసే పని వీరాయమ్మది.

వీరాయమ్మ భర్త సత్తెయ్య ఒకప్పుడు కల్లుగీతలో ఆరితేరినవాడు. ఒక ఉదయం చెట్టు మీదుండగా నడుముకు కట్టుకున్న మోకు తెగింది. ప్రాణం దక్కింది గానీ కాళ్ళు దక్కలేదు. ఆనాటి నుంచి అతను పాక ముందు చాప వేసుకుని కూర్చుని, లేత తాటాకులతో దొప్పలు కట్టేవాడు. అతను కట్టిన దొప్పలో నీళ్ళు పోస్తే చుక్క కారేది కాదు. ఆయన కట్టే దొప్పలు, ఆమె పోసే కల్లు. ఆ ఇంటికి అదే అన్నం.

వీరాయమ్మకు ఈ పని అత్తగారు నేర్పింది. "కల్లు పొయ్యడానికేముందే, ఎవత్తెయినా పోస్తది. ఆపడం నేర్చుకో" అనేది ఆ ముసలమ్మ. ఆపడం ఎలాగో కూడా ఆవిడే నేర్పింది.

పాకకు వచ్చిన ప్రతి మనిషికీ రోజుకు ఒక్కటే దొప్ప. ఆ దొప్పలో మూడు ముంతలు పోస్తారు. మూడో ముంత తాగి దొప్ప చాపగానే వీరాయమ్మ దాని అంచును రెండు వేళ్ళతో పట్టుకుని చర్రున చింపేది. చిరిగిన దొప్పలో కల్లు పోస్తే, గీసిన చెట్టు ఎండిపోతుందని ఆ గట్టున అందరి నమ్మకం. అది నిజమో కాదో ఏ చెట్టూ చెప్పలేదు. కానీ అడిగి చూసే ధైర్యం ఎవరికీ లేదు.

"అక్కా, గొంతయినా తడవలేదే. ఇంకొక్క ముంత పొయ్యవే" అని పడవవాళ్ళు బతిమాలేవారు.

"నాదేముంది తమ్ముడూ, ఆకు చిరిగిపోయింది. ఇంటికాడ నీ పెళ్ళాం చేపల పులుసు పెట్టింది, ఎళ్ళు" అనేది వీరాయమ్మ.

ఆకుతో ఎవరు తగువు పడతారు? నవ్వుకుంటూ లేచి వెళ్ళిపోయేవారు. పడవలు సరిగ్గా నడిచేవి, కుండలు సరిగ్గా కాలేవి, సాయంత్రానికి ఎవరిళ్ళకు వాళ్ళు చేరేవారు. వీరాయమ్మ మాత్రం ఒక్కనాడూ కల్లు చుక్క నోట పెట్టలేదు.

పాకకు ఇంకొక చుట్టం కూడా ఉండేవాడు. రాజుగారి పట్టపుటేనుగు. కోటలో దాని పేరు విజయగజేంద్రం. రేవులో మాత్రం అందరూ బుజ్జన్న అనేవారు. రోజూ స్నానానికి గోదారికి వస్తూ, మావటి ఎంత అదిలించినా వినకుండా పాక ముందు ఆగేది. వీరాయమ్మ ఒక దొప్పలో తాటిబెల్లం ముద్ద పెట్టి అందించేది. ఒకటి, రెండు, మూడు. మూడోది తినగానే "మూడయిపోయాయి రా బుజ్జన్నా" అంటూ దాని కళ్ళ ముందే దొప్ప చింపేది. ఆ శబ్దం వినగానే బుజ్జన్న చెవులు ఆడించడం ఆపి, బుద్ధిగా తిరిగి నీళ్ళలోకి దిగేది. ఇలా ఆరేళ్ళు గడిచాయి.

ఇక్కడిదాకా అంతా బాగుంది కదా పిల్లలూ? కథలో అంతా బాగుంటే కథ ఎందుకు? ఒకనాడు రణకేసరి వచ్చాడు.

రణకేసరి రాజ్యానికి గజసాహిణి, అంటే ఏనుగులన్నిటికీ పెద్ద అధికారి. అంతకన్నా పెద్ద సంగతి, అతను రాణిగారికి ఒక్కగానొక్క తమ్ముడు. అసలే కోతి, ఆపై కల్లు తాగింది అంటారు చూశారా, సరిగ్గా అదే. మూడు ముంతలు తాగి, నాలుగోసారి దొప్ప చాపాడు. వీరాయమ్మ అంచు పట్టుకుని చర్రున చింపింది.

"నేనెవరో తెలుసా?" అన్నాడు రణకేసరి.

"తెలుసు బాబూ. రాణీగారి తమ్ముడుగారు. దొప్పకే తెలవదు" అంది వీరాయమ్మ.

పాకలో నలుగురూ నవ్వారు. రణకేసరికి కోపం వచ్చింది. లేచి ఆమె చెయ్యి పట్టుకుని గుంజాడు. ఆమె ఎర్ర గాజు పగిలి నేల మీద పడింది.

"చెయ్యి వదలండి బాబూ" అంది వీరాయమ్మ. గొంతు పెంచలేదు. కానీ ఆ మాటతో పాకలో ఉన్న పడవవాళ్ళందరూ ఒక్కసారి లేచి నిలబడ్డారు. రణకేసరి వాళ్ళ ముఖాలు చూశాడు, చెయ్యి వదిలాడు, తూలుకుంటూ వెళ్ళిపోయాడు. వీరాయమ్మ గాజు ముక్కలు ఏరి పారేసి, తరువాతి మనిషికి ముంత నింపింది.

సంగతి అక్కడితో ఆగలేదు. సాయంత్రానికి సభకు చేరింది. రాజుకు ఒళ్ళు మండిపోయింది. "నా పాకలో, నా కొలువులో పనిచేసే ఆడమనిషి చెయ్యి పట్టుకుంటారా!" అని సింహాసనం మీంచి లేచాడు. లేచి, పట్టుకున్నది ఎవరో విని, మళ్ళీ కూర్చున్నాడు. బావమరిదిని శిక్షిస్తే రాణిగారు అలుగుతారు. శిక్షించకపోతే ప్రజలు నవ్వుతారు. రాజుగారికి మింగలేక కక్కలేక అన్నట్టయింది.

అప్పుడొక సభికుడు లేచి, చేతులు జోడించాడు. "మహారాజా, దీనికింత ఆలోచన దేనికి? ఆడవారు కల్లుపాకలో ఉండబట్టే కదా ఈ అవమానం జరిగింది. పాకలో ఆడవారే లేకుంటే ఏ ఆడదానికీ అవమానం జరగదు."

పామూ చావలేదు, కర్రా విరగలేదు. రాజు ముఖం వికసించింది. మర్నాడే రేవులో రాయి పాతించి శాసనం చెక్కించాడు: "ఈ రాజ్యమందలి కల్లుపాకలలో స్త్రీలు పనిచేయరాదు. ఇది వారి రక్షణార్థము."

ముల్లు గుచ్చుకుంటే ముల్లు తీస్తారా, కాలు తీస్తారా? మీకు తెలిసింది రాజుగారికి తెలియలేదు పిల్లలూ. అధికారం పక్కన చుట్టరికం కూర్చుంటే, ఒక్కోసారి కళ్ళు అలాగే మూసుకుపోతాయి.

దండోరా వేసేవాడు పాక ముందు నిలబడి శాసనం చదివాడు. చదివి, వీరాయమ్మ ముఖం చూడలేక, "ఇదంతా నీ మేలు కోసమేనమ్మా" అన్నాడు.

"నా మేలేదో నన్నొక్క మాట అడిగుంటే బాగుండేది నాయనా" అంది వీరాయమ్మ. ముంత కడిగి బోర్లించి, సత్తెయ్యను బండి మీద కూర్చోబెట్టుకుని ఇంటికి పోయింది.

మర్నాడు ఆమె సభకు వెళ్ళింది. రాజు ఆదరంగానే మాట్లాడాడు.

"నీకు జరిగిన అవమానం మరొకరికి జరగకూడదనే ఈ శాసనం, తల్లీ."

"చేసినోళ్ళు మళ్ళీ చెయ్యకూడదని ఏమైనా శాసనం ఉందా మారాజా?"

రాజు దగ్గి, "నీకు ఏడాదికి సరిపడా ధాన్యం ఇప్పిస్తాను, తీసుకువెళ్ళు" అన్నాడు.

"నేను బిచ్చానికి రాలేదు మారాజా. మా అత్త నాకు పని నేర్పింది గానీ చెయ్యి చాచడం నేర్పలేదు. నా పని నాకు ఇప్పించండి."

"శాసనం రాతి మీద చెక్కించాం. రాయి మాట మార్చదు" అన్నాడు రాజు. వీరాయమ్మ దణ్ణం పెట్టి వెనుదిరిగింది.

ఆడవారు లేని పాకకు ఇప్పుడు మగవాడు కావాలి. బలవంతుడైతే ఎవరూ జోలికి రారని, రాజు కోటలోని వస్తాదు భీమన్నను పంపించాడు. భీమన్న తొడలు తాటిమొద్దుల్లా ఉండేవి. దొప్ప చింపే పద్ధతి సత్తెయ్య చెప్పి పంపితే భీమన్న మీసం దువ్వి నవ్వాడు. "ఆకులు చింపుకోవడం నాకెందుకయ్యా? నాలుగో ముంత అడిగినోడి చెయ్యి విరుస్తా" అన్నాడు.

చెయ్యి విరుస్తానన్నవాడి దగ్గరకు చెయ్యి విరిపించుకోవడానికే వచ్చేవాళ్ళు ఉంటారు. నాలుగో ముంత ఎవరికి కావాలి? భీమన్నతో కుస్తీ కావాలి. రోజూ మధ్యాహ్నానికి పాక ముందు బరి తయారయ్యేది. ఒకడు పడితే ఇంకొకడు లేచేవాడు, వాడు పడితే కల్లు కుండ మీద పడేవాడు. నెల తిరిగేసరికి పాకలో పగలని కుండ ఒక్కటి మిగిలింది. అది కూడా భీమన్న కూలబడి పగలగొట్టాడు.

మంత్రి విద్యానిధి రాజు దగ్గరకు వెళ్ళాడు. "మహారాజా, వీరాయమ్మను మళ్ళీ పిలిపిద్దామా?"

"రాయి మాట మార్చదు" అన్నాడు రాజు.

"చిత్తం" అన్నాడు మంత్రి.

బలం పనికిరాలేదు కనుక ఈసారి శాంతమూర్తిని వెతికారు. సోమన్న దొరికాడు. ఈగ మీద కూడా కోపం తెచ్చుకునే మనిషి కాదు. పైగా కల్లు గురించి తెలిసినవాడు. అదే చిక్కయింది.

"పుల్లబడిన కల్లు జనానికి పోస్తే పాపం కదండీ. రుచి చూసి పోయాలి" అనేవాడు. మొదటి కుండ రుచి చూసేవాడు. రెండో కుండ రుచి చూసేవాడు. మొదటిది ఎలా ఉందో మరచిపోయి మళ్ళీ దాన్ని రుచి చూసేవాడు. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి ముంత తలకింద పెట్టుకుని నిద్రపోయేవాడు. కంచే చేను మేస్తే ఇక ఆపేదెవరు? వచ్చినవాళ్ళు ఎవరికి వాళ్ళే పోసుకున్నారు. దొప్పల ఊసే లేదు, చేతికందిన చెంబుతో తాగారు.

ఒకరోజు పెళ్ళివారిని ఏరు దాటించాల్సిన పడవవాడు అలా తాగి, ఎదుటి రేవనుకుని దిగువ రేవులో దించి వచ్చాడు. అక్కడ పెళ్ళి లేదు, పెళ్ళికూతురూ లేదు. పెళ్ళికొడుకు బాసికంతో ఇసుకలో రెండు కోసులు నడిచాడు. ముహూర్తం తప్పిపోబోయి, నీళ్ళలో మునిగి గడియలు లెక్కపెట్టే పురోహితుడి గిన్నె పుణ్యమా అని దక్కింది. ఆ గిన్నె ఆ రోజు కాస్త నెమ్మదిగా మునిగిందట.

మంత్రి మళ్ళీ వెళ్ళాడు. "మహారాజా, వీరాయమ్మను పిలిపిద్దామా?"

"రాయి మాట మార్చదు" అన్నాడు రాజు. ఈసారి కాస్త మెల్లగా అన్నాడు.

"చిత్తం" అన్నాడు మంత్రి. ఈసారి కాస్త గట్టిగా అన్నాడు.

ఈలోగా వీరాయమ్మ ఇంట్లో రోజులు బరువుగా గడిచాయి. ఆమె ఊళ్ళో వడ్లు దంచింది, ఏటిగట్టుకు మట్టి మోసింది. రెండుపూటల అన్నం ఒక పూట అన్నమై, ఒక పూట గంజి అయింది. సత్తెయ్య మాత్రం రోజూ తాటాకు తెప్పించుకుని దొప్పలు కడుతూనే ఉన్నాడు. వసారా నిండిపోయి, దొప్పలు గుమ్మందాకా వచ్చాయి.

"ఎవరికయ్యా ఇవన్నీ?" అంది ఒకరోజు వీరాయమ్మ.

"చేతులు ఊరుకోవే" అన్నాడు సత్తెయ్య. ఇంకో ఆకు చేతిలోకి తీసుకున్నాడు. "నేను చెట్టు మీంచి పడ్డప్పుడు కూడా ఇంత ఇదిగా లేదే. అప్పుడు నువ్వు నిలబడున్నావు" అన్నాడు. వీరాయమ్మకు కళ్ళనీళ్ళు తిరిగాయి. కొంగుతో తుడుచుకుని, అతను కట్టిన దొప్పలను వరసగా సర్ది పెట్టింది.

మూడోవాడిగా రంగనాయకులు వచ్చాడు. శాసనం సలహా ఇచ్చిన సభికుడికి స్వయానా అల్లుడు. తాగడు, కొట్లాడడు. చిరునవ్వు చెదరని మనిషి. దొప్ప చింపే పద్ధతి శ్రద్ధగా విన్నాడు, ఆచరించాడు కూడా. పడవవాళ్ళకు, కుమ్మరులకు, మట్టి మోసేవాళ్ళకు మూడో ముంత కూడా పోయకుండా రెండుకే చింపేవాడు. కోట నుంచి ఎవరైనా వస్తే మాత్రం దొప్ప ఊసెత్తేవాడు కాదు. లోపలి నుంచి వెండిగిన్నె తెచ్చేవాడు.

వెండిగిన్నెను ఎవరు చింపగలరు? రణకేసరికి ఆ పాక అత్తవారిల్లయింది. రోజూ వచ్చేవాడు. "ఇంకోటి" అంటే "చిత్తం" అనేవాడు రంగనాయకులు. "ఇంకోటి" అంటే మళ్ళీ "చిత్తం" అనేవాడు.

ఆషాఢం వచ్చింది. గోదారికి ఎర్రని కొత్తనీరు వచ్చింది. కొత్తనీరు వచ్చిన రోజు తాళ్ళగట్టులో పండుగ. రాజు, రాణి రేవుకు వచ్చి ఏటికి పసుపు కుంకుమ ఇస్తారు. ఊరి ఆడవాళ్ళు ఆకుదొప్పల్లో దీపాలు పెట్టి నీళ్ళలో వదులుతారు. ఆ మాట గుర్తొచ్చి వీరాయమ్మ సత్తెయ్య కట్టిన దొప్పలన్నీ గంపకెత్తుకుని రేవుకు బయలుదేరింది. కల్లుకు పనికిరాకపోతే దీపానికైనా పనికొస్తాయి కదా అనుకుంది.

రేవంతా జనం. దీపాలు వదలబోయే మొదటి పడవ నిండా పసుపు చీరల ఆడవాళ్ళు, వాళ్ళ ఒళ్ళో పిల్లలు. రాజు పళ్ళెం పట్టుకుని మెట్ల మీద నిలబడ్డాడు.

అదే సమయానికి పాకలో రణకేసరి ఎనిమిదో గిన్నె ఖాళీ చేశాడు. పండుగకు ముస్తాబు చేసి తెచ్చిన బుజ్జన్న బయట నిలబడి ఉంది. రణకేసరి దాన్ని చూసి, "ఇవాళ పండగ. దీనికి మాత్రం గొంతు లేదా? పొయ్యండి" అన్నాడు.

"వద్దు దొరా, అది ఏనుగు దొరా" అని మావటి మొత్తుకున్నాడు.

రంగనాయకులు ఒకసారి ఏనుగును చూశాడు, ఒకసారి రాణిగారి తమ్ముణ్ణి చూశాడు. "చిత్తం" అన్నాడు. కుండ తెచ్చి పెట్టాడు. బుజ్జన్న కుండ ఖాళీ చేసింది. ఇంకో కుండ పెట్టాడు. ఆ తరువాత ఎవరూ పెట్టనవసరం లేకపోయింది. ఏనుగు పాకలోకి తొండం పెట్టి, ఉన్న కుండలన్నీ తానే పుచ్చుకుంది. పాక కప్పు కూలింది. మావటి గెంతి ప్రాణం దక్కించుకున్నాడు.

బుజ్జన్న తల ఊపుకుంటూ రేవుకు దిగింది. జనం చెల్లాచెదురయ్యారు. భటులు ఈటెలు పట్టుకుని వెనక్కు నడిచారు. ఏనుగు సరాసరి నీటి అంచుకు పోయి, మొదటి పడవ అంచు మీద ముందుకాలు పెట్టింది. పడవ ఒక పక్కకు ఒరిగింది. కట్టుతాడు కిర్రుమంది. పడవలోని తల్లులు పిల్లల్ని గుండెలకు అదుముకుని కేకలు పెట్టారు. ఇంకొంచెం బరువు పడితే పడవ తిరగబడుతుంది. కింద కొత్తనీరు సుడులు తిరుగుతూ పోతోంది.

"బుజ్జన్నా!"

ఆ గొంతు విని ఏనుగు తల తిప్పింది. గంప పక్కన పెట్టి, చేతిలో ఒక్క దొప్ప పట్టుకుని వీరాయమ్మ మెట్లు దిగి వస్తోంది. ఆమెకు భయం వేయలేదంటే నేను అబద్ధమాడినట్టే. చేతులు మాత్రం ఆరేళ్ళు చేసిన పని మరచిపోలేదు. ఏనుగు కళ్ళ ముందు దొప్ప ఎత్తి పట్టుకుంది.

"మూడయిపోయాయి రా బుజ్జన్నా" అంది. చర్రున చింపింది.

ఏనుగు చెవులు ఆగాయి. కాసేపు అలాగే నిలబడింది. చిరిగిన ఆకును తొండంతో తడిమి చూసింది. తరువాత పడవ మీది కాలు తీసి, ఆరేళ్ళపాటు రోజూ చేసినట్టే, బుద్ధిగా తిరిగి పక్కనున్న లోతు తక్కువ నీళ్ళలోకి దిగి కూర్చుంది. పెద్దగా నిట్టూర్చి కళ్ళు మూసుకుంది.

పడవ నిటారైంది. తల్లులు ఒక్కొక్కరే గట్టుకు దిగి, పిల్లల్ని తడిమి తడిమి చూసుకున్నారు. అప్పటిదాకా గట్టిగా పట్టుకున్న పళ్ళెం రాజు చేతిలోంచి జారిపోయింది.

రాజు కూలిన పాక దగ్గరకు నడిచాడు. రణకేసరి వెండిగిన్నె పక్కన గురకపెడుతున్నాడు. రంగనాయకులు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఏనుగుకు కల్లు పోయమంటే ఎందుకు వద్దనలేదు?"

"వారు రాజబంధువులు మహాప్రభో. నేను వద్దని ఎలా అనగలను?"

రాజు వీరాయమ్మ వైపు తిరిగాడు. "ఆ రోజు నువ్వెలా అనగలిగావు?"

"అన్నది నేను కాదు మారాజా, ఆకు. ఆకుకు రాజూ తెలవదు, బంటూ తెలవదు. ఏనుగుకు కూడా ఆ సంగతి తెలిసింది."

"ఏం వరం కావాలో కోరుకో తల్లీ."

"వరాలొద్దు మారాజా. తమరు ఏమనుకోనంటే ఒక మాట చెబుతాను." వీరాయమ్మ తన మణికట్టు చూపించింది. "ఆ రోజు ఒకరు నా చెయ్యి పట్టుకున్నారు. గాజు పగిలింది, చుక్క నెత్తురొచ్చింది, సాయంత్రానికి ఆరిపోయింది. మర్నాడు తమరు నా చేతిలో పని తీసేశారు. ఆ నొప్పి ఇవాళ్టికీ తగ్గలేదు. నన్ను కాపాడాలనే చేశారు, కాదనను. కానీ చెయ్యి పట్టుకున్నోళ్ళు పాకలోనే ఉన్నారు, ఆ బాధ పడ్డది ఇంట్లో గంజి తాగుతోంది. ఇదేం కాపలా మారాజా?"

రాజు తల వంచుకున్నాడు. "నాకు సిగ్గుగా ఉంది" అన్నాడు. అందరికీ వినిపించేట్టు అన్నాడు. పక్కనే ఉన్న రాణి, ఒరిగిన పడవలోని పిల్లల్ని చూసినప్పటి నుంచీ కన్నీళ్ళు తుడుచుకుంటూనే ఉంది. "నా తమ్ముడని చూడకండి" అంది.

"మంత్రీ, నువ్వేమంటావు?" అన్నాడు రాజు.

"రాయి మాట మార్చదు మహారాజా" అన్నాడు విద్యానిధి. "కానీ రాళ్ళకేం కరువు? ఇంకొకటి పాతిద్దాం."

అలా కొత్త రాయి వచ్చింది. దాని మీద మూడే మాటలు చెక్కించారు. పాతికేళ్ళు నిండనివారు కల్లుపాకలో పనిచేయరాదు. పనిలో ఉండి తాగేవారు పనిచేయరాదు. ఎంతటివారికైనా 'చాలు' అని చెప్పలేనివారు పనిచేయరాదు. ఆడ, మగ అన్న మాట ఆ రాయి మీద ఎక్కడా లేదు. పాత రాయిని పెకలించి చాకిరేవులో వేశారు. బట్టలు ఉతకడానికి అది బాగా పనికొచ్చిందని ఇప్పటికీ చెప్పుకుంటారు.

రణకేసరికి గజసాహిణి పదవి పోయింది. ఏడాదిపాటు సత్తెయ్య చాప మీద కూర్చుని రోజుకు నూరు దొప్పలు కట్టాలని రాజు ఆజ్ఞ. మొదటి నెల అతను కట్టిన దొప్పలన్నీ కారిపోయేవి.

"ఆకును బలంతో వంచకూడదు బాబూ. దాని ఈనె ఎటుందో చూసి వంచాలి" అని సత్తెయ్య ఓపికగా నేర్పేవాడు. రణకేసరి వేళ్ళు కోసుకుంటూ, ఊదుకుంటూ నేర్చుకున్నాడు. ఒకరోజు వీరాయమ్మ ముందు ఒక ఎర్ర గాజు పెట్టి, తల ఎత్తకుండా, "తప్పయిపోయిందమ్మా" అన్నాడు. ఆమె గాజు తీసుకుని చేతికి వేసుకుంది.

మరుసటి ఆషాఢంలో మళ్ళీ కొత్తనీరు వచ్చింది. రాజు ఏటికి పసుపు కుంకుమ ఇచ్చి, కొత్తగా కట్టిన పాకకు వచ్చి, పడవవాళ్ళ పక్కనే పీట మీద కూర్చున్నాడు. ఆ పూట తీసిన తీపి కల్లు. వీరాయమ్మ ఒక ముంత పోసింది. రెండో ముంత పోసింది. మూడో ముంత పోసింది. కల్లు బాగుంది, గాలి బాగుంది, రాజు మాటల్లో పడి మరచిపోయి, దొప్ప మళ్ళీ చాపాడు.

పడవవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. సత్తెయ్య చేతిలో ఆకు ఆగిపోయింది.

వీరాయమ్మ ముంత కింద పెట్టింది. రాజుగారి చేతిలోని దొప్ప అంచును రెండు వేళ్ళతో పట్టుకుంది. చర్రున చింపింది.

రాజు చిరిగిన దొప్పను చూశాడు, తనను తాను చూసుకున్నాడు, మెల్లగా నవ్వాడు. పీట మీంచి లేచి, "ఆకు చిరిగింది, ఇక ఇంటికి పోదాం" అని నడిచాడు. పాకలో ఉన్నవాళ్ళందరూ లేచి, తమ తమ దొప్పలు వదిలి, రాజు వెనకే ఇళ్ళకు పోయారు. ఆ రాజ్యంలో శాసనం రాతి మీంచి మనుషుల్లోకి దిగింది ఆ రోజే.

కథ ఏరు దాటి అవతలి గట్టుకు పోయింది, మనం ఇవతలి గట్టున మిగిలాం. పిల్లలూ, మీరు రేపు పెద్దయి ఎవరినైనా కాపాడాలనుకున్నప్పుడు ఇది గుర్తుంచుకోండి: కట్టవలసింది తప్పు చేసిన చేతిని, పని చేసుకునే చేతిని కాదు.